కొన్న నూనె ఎక్కడికి పోయింది?

వ్యాపారానికి వంట చేసే ఏ వంటశాలలోనైనా ఒక లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది. నెలకు ఎంత నూనె కొన్నారన్నది. బిల్లులుంటాయి, స్టాకు పుస్తకంలో రాసి ఉంటుంది, అసలు యజమానికి ఆ అంకె నోటికే వచ్చి ఉంటుంది. అదే యజమానిని ఇంకో మూడు ప్రశ్నలు అడిగి చూడండి. అందులో ఎంత వడ్డించారు? ఎంత తిరిగి డబ్బాల్లోకి వచ్చింది? ఎంత కాలువలో కలిసింది? మొదటి ప్రశ్నకు నవ్వుతారు. రెండోదానికి వెనక గోడ పక్కన పేర్చిన డబ్బాలు చూపిస్తారు. మూడోదానికి మాత్రం తడుముకోకుండా, "మాకు గ్రీజు ట్రాప్ ఉందండీ" అంటారు.

ఆ మూడో జవాబు మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. అది అబద్ధమని కాదు. ట్రాప్ అంటే సింకు నీటిలోని జిడ్డును ఆపే తొట్టి. అది ఉండటం నిజమే. అడిగింది ఎంత నూనె పోయిందని, చెప్పింది ఒక తొట్టి ఉందని. తనిఖీకి వచ్చేవాళ్లు కూడా ఈ జవాబుతోనే తృప్తిపడి ఫారంలో టిక్కు పెట్టి వెళ్లిపోతారు.

నా ఉద్యోగం పెద్ద వంటశాలల నీటి పైపులు, మురుగు లైన్లు చూసుకోవడం. హోటళ్లు, ఆసుపత్రి క్యాంటీన్లు, వసతిగృహాల వంటిళ్లు, ఫుడ్‌కోర్టులు అన్నీ ఇందులో ఉన్నాయి. వండేవి మారతాయి, యంత్రాలు మారతాయి, సింకు కింద కథ మాత్రం ఎక్కడికి వెళ్లినా ఒకటే. అందుకే ఈ వ్యాసంలో ఒక్క మాటే వాదించదలచుకున్నాను. వంటశాలను దాని దగ్గర ఏ పరికరం ఉందన్నదానితో తూచకూడదు. కొన్న నూనెలో ఎంతకు లెక్క చెప్పగలదన్నదానితో తూచాలి.

ముందు ఆ తొట్టి సంగతి చూద్దాం, ఎందుకంటే దాని మీద ఉన్న నమ్మకమే సగం నష్టానికి మూలం. గ్రీజు ట్రాప్‌లో మోటారు లేదు, కరెంటు లేదు, వడపోసే జాలీ కూడా లేదు. సింకు నుంచి ఉరుకుతూ వచ్చిన నీరు అందులో నెమ్మదిస్తుంది, అంతే. వంటనూనె నీటికన్నా కొంచెం తేలిక. లీటరు నీరు కిలో ఉంటే లీటరు నూనె 920 గ్రాముల దగ్గర ఉంటుంది. నీరు నిలకడగా ఉంటే ఈ కొద్దిపాటి తేడాతోనే నూనె పైకి తేలి తెట్టు కడుతుంది, ఎంగిలి తునకలు అడుగున మడ్డిగా దిగుతాయి. మధ్యలో మిగిలిన నీరు, తెట్టును ఆపే అడ్డుపలక కిందుగా దూరి బయటి గొట్టంలోకి పోతుంది. తొట్టి ఆ నూనెను తినదు, కరిగించదు, మార్చదు. ఎవరో వచ్చి తీసుకెళ్లేదాకా దాచి ఉంచుతుంది. ఎవరూ రాకపోతే దాచడానికి చోటు చాలదు. అప్పుడు కొత్తగా వచ్చిన జిడ్డు వచ్చినట్టే బయటికి వెళ్లిపోతుంది. మూత వేసి ఉంటుంది కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నూనె తేలాలంటే బిందువు పెద్దదిగా ఉండాలి. బిందువు వ్యాసం సగమైతే అది పైకి తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది, పదో వంతైతే నూరో వంతుకు పడిపోతుంది. స్టోక్స్ సూత్రం చెప్పేది ఇదే. ఇప్పుడు సింకు దగ్గర జరిగేది చూడండి. మరిగే నీళ్లు పోస్తారు, ఘాటైన సబ్బు వేస్తారు, పీచుతో బలంగా రుద్దుతారు. ఈ మూడూ కలిసి నూనెను కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా చీల్చి నీటిలో కలిపేస్తాయి. గిన్నె తళతళలాడుతుంది. ఆ పాలలాంటి నీరు ట్రాప్‌లోకి చేరి, తేలేంత సమయం దొరక్క, అటునుంచి అటే వెళ్లిపోతుంది. వీధి కింద గొట్టంలో చల్లబడగానే జిడ్డు మళ్లీ బయటపడి గోడకు అంటుకుంటుంది. గిన్నెలు ఎంత బాగా తోమితే ట్రాప్ అంత అధ్వాన్నంగా పనిచేస్తుందన్నమాట. చాలాచోట్ల ట్రాప్‌లోకి వెళ్లే నీరు 60 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని చెప్పేది ఇందుకే. గిన్నెలు కడిగే యంత్రాన్ని సింకు కింది చిన్న ట్రాప్‌కు కలపవద్దనేదీ ఇందుకే. చెప్పిన మాట అమలైన చోట్లు మాత్రం నేను చూసినవాటిలో తక్కువ.

ఖాళీ చేయడానికి చాలా నగరాలు పాటించే కొలత ఒకటుంది. పై తెట్టు, అడుగు మడ్డి కలిపి తొట్టిలోని లోతులో నాలుగో వంతుకు చేరితే ఇక ఆగకూడదు. 100 సెంటీమీటర్ల లోతులో ఈ రెండూ కలిసి 25 సెంటీమీటర్లు ఉన్నాయంటే ట్యాంకర్‌ను పిలవాలి. మిగతా మూడు వంతులూ నీరే కదా, ఇంకా చోటుందిగా అనిపిస్తుంది. అదే పొరపాటు. నీరు నిలిచే చోటు తగ్గినకొద్దీ ప్రవాహం వేగం పుంజుకుంటుంది, తేలడానికి దొరికే సమయం తగ్గుతుంది, వేగంగా పోయే నీరు పాత తెట్టును కూడా అంచుల నుంచి కోసి తీసుకుపోతుంది.

ఈ కొలత తీయడానికి పెద్ద పరికరం అక్కరలేదు. కింది కొసన మూసుకునే మూతి ఉన్న పారదర్శకమైన గొట్టాన్ని నిలువుగా అడుగుదాకా దించి, మూతి మూసి పైకి తీస్తే చాలు. తొట్టిలోని పొరలన్నీ అదే వరుసలో గొట్టంలో నిలబడి కనిపిస్తాయి. పైన బూడిద రంగు కలిసిన లేత పసుపు ముద్ద, మధ్యలో మసక నీరు, అడుగున నల్లటి బురద. టేపు పక్కన పెట్టి చదువుకోవడమే. ఏ వంటశాలలోనైనా ఎవరైనా చేయగల పని ఇది. దుర్వాసన భరించాలి, అంతే.

గొట్టంలోకి చేరిన జిడ్డు ఏమవుతుందన్నది నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. చాలామంది నూనె చల్లబడి గడ్డకట్టి పైపు మూసుకుపోతుందనుకుంటారు. కొంత నిజమే, కానీ అది మెత్తటి అడ్డంకి, నీటి ఒత్తిడితో కదిలిపోతుంది. పారలకు లొంగని గట్టి దిమ్మలు ఎలా పుడతాయో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రయోగశాలలో చూపించారు. నూనె వేడికి, నీటికి, సూక్ష్మజీవులకు విడిపోయి కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. కాంక్రీటు నుంచీ నీటి నుంచీ వచ్చే కాల్షియం ఆ ఆమ్లాలతో కలుస్తుంది. పుట్టేది సబ్బు, కాకపోతే నురగ రాని, నీటిలో కరగని సబ్బు. జిడ్డు పంపింది వంటశాల, కాల్షియం ఇచ్చింది ఆ గొట్టమే.

ఇక్కడొక చిక్కు గమనించాలి. ట్రాప్‌లో జిడ్డు ఎన్నాళ్లు నిలవ ఉంటే అన్ని కొవ్వు ఆమ్లాలుగా విడిపోతుంది. పుల్లబడిన ఆ నీరు బయటికి పోతూ ఈ సబ్బుదిమ్మలకు కావలసిన ముడిసరుకునంతా వెంట తీసుకుపోతుంది. అంటే ఆలస్యంగా ఖాళీ చేసే ట్రాప్ కేవలం పనిచేయని ట్రాప్ కాదు, కింది గొట్టానికి హాని వండిపెట్టే పాత్ర.

2017 సెప్టెంబరులో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో వీధి కింద దొరికిన దిమ్మ ఈ మొత్తం ప్రక్రియకు సాక్ష్యం. 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంటుందని అంచనా వేశారు. జిడ్డుతోపాటు జనం మరుగుదొడ్లలో పడేసిన తడి తుడుపు గుడ్డలన్నీ అందులో ఇరుక్కుని, కాంక్రీటులో ఇనుపకమ్మీల్లా దాన్ని పట్టి ఉంచాయి. నీటి జెట్లతో, పారలతో కోసి తీయడానికి వారాలు పట్టింది. ఆ తర్వాత ఏడాది అందులో ఒక ముక్కను మ్యూజియం ఆఫ్ లండన్‌లో పెడితే జనం చూడటానికి వెళ్లారు. ఇది ఒక్క నగరం గొడవ కాదు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2004లో ఆ దేశ కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో, మురుగు గొట్టాలు మూసుకుపోయిన ఘటనల్లో 47 శాతానికి జిడ్డే కారణమని రాసింది. అందులో ఇళ్ల వాటా, కర్మాగారాల వాటా కూడా ఉందన్నది నిజమే. కానీ ఇంటి సింకులోంచి చెంచాలతో పోయేది, వ్యాపార వంటశాల సింకులోంచి బకెట్లతో పోతుంది.

ఇంత తెలిసినా మార్కెట్లో జోరుగా అమ్ముడుపోయేది పొడి. ప్యాకెట్ విప్పి రాత్రి సింకులో పోయండి, ఎంజైములు జిడ్డును తినేస్తాయి, ట్యాంకర్ ఖర్చు తప్పుతుంది అంటారు. ఎంజైము ఏమీ తినదు. అది జీవి కాదు, కత్తెర. నూనె అణువును గ్లిజరిన్‌గా, కొవ్వు ఆమ్లాలుగా కత్తిరిస్తుంది. పైన చెప్పిన సబ్బుదిమ్మకు కావలసినవి సరిగ్గా ఆ కొవ్వు ఆమ్లాలే! ట్రాప్ శుభ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో ఉండాల్సింది వీధి కిందికి తరలిపోయింది. నిజంగా జిడ్డును జీర్ణం చేసుకునే బాక్టీరియా ఉత్పత్తులు వేరే ఉన్నాయి. వాటికి తగిన ఉష్ణోగ్రత, గాలి, సమయం ఇస్తే కొంత పని చేస్తాయి. కానీ రోజంతా వేడినీళ్లు, బ్లీచింగు, సబ్బు వచ్చి పడే తొట్టిలో వాటిని బతికించడం తేలిక కాదు. ట్యాంకర్ పిలవడానికి బదులుగా ఏ పొడినీ వాడకూడదని చాలా నగరాలు నియమం పెట్టాయి. నన్నడిగితే ఆ మాట ప్యాకెట్ మీదే పెద్ద అక్షరాల్లో అచ్చువేయించాలి.

ఇప్పుడు రెండు రకాల నూనె గురించి. వంటశాల నుంచి బయటికి వచ్చే నూనె వ్యర్థం ఒకటి కాదు. బాణలిలో, ఫ్రైయర్‌లో వాడి వాడి ఇక పనికిరాదని తీసేసిన నూనె మొదటిది. ట్రాప్‌లోంచి తోడిన తెట్టు, మడ్డి రెండోది. మొదటిదానికి కొనేవాళ్లున్నారు. రెండోదానికి మనమే ఎదురు డబ్బు ఇచ్చి తీసుకుపొమ్మనాలి. ఈ ఒక్క తేడా నుంచే రెండు రకాల అక్రమాలు పుట్టాయి. విలువున్న నూనెను ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. విలువలేని మడ్డిని ఎవరూ చూడని చోట ఎవరో ఒకరు కుమ్మరిస్తారు.

వాడిన నూనెకు ఇంత గిరాకీ రావడానికి కారణం ఇంధనం. ఆ నూనెను వడపోసి, తేమ తీసేసి, సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, మిథనాల్‌తో చర్య జరిపిస్తే బయోడీజిల్ వస్తుంది. సుమారుగా చెప్పాలంటే 100 కిలోల నూనెకు 10 కిలోల మిథనాల్ పోస్తే 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ చేతికొస్తాయి. ఇప్పుడు విమాన ఇంధనం చేసేవాళ్లు కూడా ఇదే నూనె కోసం పోటీపడుతున్నారు. ట్రాప్ మడ్డి నుంచి కూడా బయోడీజిల్ చేయవచ్చు గానీ, అందులో విడి కొవ్వు ఆమ్లాలు మరీ ఎక్కువ. నేరుగా క్షారం కలిపితే ఇంధనానికి బదులు సబ్బు తయారవుతుంది. ముందు ఆమ్లంతో ఒక విడత చర్య జరిపించాలి, నీరంతా తీయాలి. అంత ఖర్చు ఎవరు పెడతారు?

వాడిన నూనెకు ఇంకో ప్రమాదకరమైన దారి కూడా ఉంది, తిరిగి వంటలోకి రావడం. చైనాలో కాలువల నుంచీ హోటళ్ల చెత్త నుంచీ తీసిన నూనెను శుద్ధి చేసినట్టు చూపించి మళ్లీ వంటకే అమ్మిన ముఠాలు 2011లో పెద్ద ఎత్తున పట్టుబడ్డాయి. ఒకే నూనెను మళ్లీమళ్లీ కాచినప్పుడు అది చెడిపోయి, పోలార్ పదార్థాలు అనేవి అందులో పెరుగుతాయి. వాటికి చాలా దేశాలు 25 శాతం దగ్గర గీత గీశాయి, అది దాటితే పారేయాల్సిందే. నూనె ఆ గీత దాటిందో లేదో కొలవడానికి చేతిలో ఇమిడే మీటర్లు వచ్చాయి. అయినా చాలా వంటశాలల్లో ఆ నిర్ణయం వంటవాడి కంటికీ ముక్కుకీ వదిలేస్తారు, లేదా కొత్త డబ్బా విప్పడానికి యజమాని ఇచ్చే అనుమతికి వదిలేస్తారు.

చెత్త బయటికి పోయిందనడానికి సాక్ష్యం రసీదు. ఆ రసీదుల విలువెంతో తెలియాలంటే ఒక క్యాంటీన్‌లో నేను చూసింది చెప్పాలి. ఎక్కడిదన్నది అనవసరం. ఫైలు అద్భుతంగా ఉంది. నెలనెలా ట్రాప్ ఖాళీ చేసినట్టు రసీదు, దాని మీద ముద్ర, సంతకం, తేదీల వరుసలో ఒక్క ఖాళీ లేదు. బయటికి వెళ్లి ట్రాప్ దగ్గర వంగి చూస్తే, మూత చుట్టూ ఉన్న మరల మీద నేలతోపాటు ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు చెక్కుచెదరకుండా ఉంది. మరకూ మూతకూ మధ్య సన్నటి సందులో కూడా రంగు పొర పగలలేదు. పానా పెట్టి తిప్పాక మొదటిసారి టప్పున పగిలింది. మూత లేపితే తెట్టు ఎంత గట్టిగా ఉందంటే గుచ్చిన పార పక్కకు ఒరగకుండా నిలబడింది. పక్కనే నిలబడ్డ మేనేజరు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఈ రసీదులు..." అని ఆగిపోయాడు.

ఇది దొంగ రసీదుల మొరటు రకం. నాజూకు రకాలు ఇంకా ఉన్నాయి. పై తెట్టు మాత్రం పీల్చుకుని అడుగు మడ్డిని వదిలేస్తారు. లేదా మొత్తం పీల్చి, ట్యాంకర్‌లో నీరు విడిపోయాక ఆ జిడ్డునీటినే తిరిగి తొట్టిలో వదిలి, ట్యాంకర్‌లో చోటు మిగుల్చుకుంటారు. ఇంకొందరు నిజాయితీగానే అంతా తీసేసి, తొట్టిలో మంచినీళ్లు నింపకుండా వెళ్లిపోతారు. నీటిమట్టం లేకపోతే అడ్డుపలకకు పని ఉండదు, నింపుకునేదాకా వచ్చిన జిడ్డు తేలేందుకు వీలు లేక దొరికిన దారిన పోతుంది. రసీదులో ఇవేవీ కనిపించవు. "శుభ్రం చేయడమైనది" అన్న మాట తప్ప అందులో మరేముంటుంది?

అందుకే రసీదులు అడగడం మానేసి లెక్క అడగాలంటాను. ఆ లెక్క ఎలా వేయాలో ఊహించుకుని ఒక ఉదాహరణ చెబుతాను. నెలకు 400 కిలోల నూనె కొనే వంటశాల అనుకుందాం. వాడిన నూనెగా 80 కిలోలు తూచి ఇచ్చారు. ట్రాప్ లోపలి కొలత ఒక మీటరు వెడల్పు, ఒకటిన్నర మీటర్ల పొడవు. నెలాఖరున తెట్టు మందం 10 సెంటీమీటర్లు. గుణిస్తే 150 లీటర్లు. ఆ తెట్టు అంతా నూనె కాదు, నీరూ తునకలూ కలిసి ఉంటాయి. సగమే నూనె అనుకుంటే 75 లీటర్లు, అంటే 70 కిలోల లోపు. రెండూ కలిపి 150. మిగతా 250 కిలోలు తినేవాళ్ల పళ్లేల్లోకి పోయి ఉండాలి. ఇప్పుడు వంటవాళ్లను కూర్చోబెట్టి ఏ వంటకానికి ఎంత నూనె పడుతుందో, నెలలో ఎన్ని చేశారో లెక్క తీయించండి. 200 కిలోలు తేలిందనుకోండి. ఆ తేడా 50 కిలోలు ఎక్కడ?

కొంత పొగగొట్టంలోకి పోయి ఉండవచ్చు. పొయ్యి మీది జల్లెడపలకలు, వాటి వెనక గొట్టం జిడ్డును పట్టుకుంటాయి. అక్కడ పేరుకున్న జిడ్డు అంటుకుంటే మంట గొట్టమంతా పాకుతుంది కాబట్టి ఆ శుభ్రత వేరే పెద్ద విషయం. తమాషా ఏమిటంటే ఆ జల్లెడపలకలను తెచ్చి కడిగేది మళ్లీ సింకులోనే, అదీ మరిగే నీళ్లతో! కొంత నూనె తుడుపు గుడ్డల్లో పోతుంది. మరి మిగిలింది? నాకు తెలిసి దానికి దారి ఒక్కటే, మురుగు గొట్టం.

ఈ లెక్క మీద అభ్యంతరాలు చాలా వస్తాయి. వేపుడు ముక్క ఎంత నూనె పీలుస్తుందో దాని తేమను బట్టి, మందాన్ని బట్టి, నూనె వేడిని బట్టి మారుతుంది. సన్నని చిప్సు బరువులో మూడో వంతుదాకా నూనె ఉండవచ్చు, లావు ముక్కల్లో అందులో సగం కూడా ఉండదు. మాంసం కొవ్వు, వెన్న, పాల మీగడ నూనె బిల్లులో ఉండవు కానీ ట్రాప్‌లోకి మాత్రం వస్తాయి. కాబట్టి అంకె కచ్చితంగా రాదంటారు. ఒప్పుకుంటాను, రాదు. నాకు కావలసింది కచ్చితమైన అంకె కాదు, నెలనెలా అదే పద్ధతిలో వేసిన అంకె. ఈ నెల తేడా 50, వచ్చే నెల 55, ఆపై నెల 120 అయితే ఏదో మారింది. గిన్నెలు కడిగే మనిషి మారి ఉండవచ్చు, లోపలి అడ్డుపలక విరిగి ఉండవచ్చు, లేదా రాత్రిపూట ఎవరో ఫ్రైయర్ నూనెను నేరుగా కాలువలో పోస్తూ ఉండవచ్చు. ట్రాప్ ఉందా లేదా అన్న ప్రశ్న వీటిలో దేన్నీ పట్టుకోలేదు. ముఖ్యంగా విరిగిన అడ్డుపలకను. అది విరిగినప్పుడు తెట్టు పలచగా ఉంటుంది, చూసినవాళ్లు "ఎంత శుభ్రంగా ఉందో" అని మెచ్చుకుని వెళ్తారు. లెక్క వేసిన మనిషి మాత్రం, ఇంత నూనె కొని ఇంత తక్కువ తెట్టు ఎందుకుందని అడుగుతాడు.

లెక్కలో తేడా కనిపించాక తగ్గించడం ఎలా అంటే, అందరూ ముందు పెద్ద ట్రాప్ కొందామంటారు. నేను సింకు దగ్గరికి వెళ్దామంటాను. జిడ్డు నీటిలో కలవకముందు దాన్ని ఆపడం తేలిక, కలిశాక ప్రతి అడుగూ ఖరీదే. పళ్లెంలో మిగిలిన దాన్ని రబ్బరు పలకతో గీకి చెత్తడబ్బాలో వేయాలి. బాణలిని కాగితంతో తుడవాలి. ఆ తర్వాతే నీళ్లు. సింకు తూటులో సన్నటి జల్లెడ ఉండాలి, అది నిండినప్పుడు విసిరికొట్టకుండా చెత్తడబ్బాలో దులపాలి. ఇందులో ఏ విద్యా లేదు. కావలసింది తీరిక.

ఆ తీరికే ఉండదు. గిన్నెలు తోమే మనిషికి వంటశాలలో అందరికన్నా తక్కువ జీతం, అందరికన్నా ఎక్కువ తొందర. భోజనాల వేళ పళ్లేలు గుట్టగా వచ్చి పడుతుంటే ఒక్కొక్కటీ గీకుతూ కూర్చుంటే పైనుంచి కేకలు వస్తాయి. "వేడినీళ్లు కొట్టు, అదే పోతుంది" అని నేర్పింది కూడా ఆ పైవాళ్లే. ఆ మాట నిజమే, అదే పోతుంది. ఎక్కడికన్నది వాళ్లకు అనవసరం. పైపు మూసుకున్న రోజు మాత్రం తప్పంతా ఆ మనిషి మీదే పడుతుంది. పెద్ద ట్రాప్‌కు అడగ్గానే మంజూరయ్యే డబ్బు, రద్దీ వేళ సింకు దగ్గర ఇంకో మనిషిని పెట్టమంటే దొరకదు. పరికరం ఆస్తి పద్దులోకి వెళ్తుంది, జీతం ఖర్చు పద్దులోకి వెళ్తుంది. యజమానుల మనస్తత్వం గురించి నాకు ఇంతకన్నా మంచి వివరణ దొరకలేదు.

ట్రాప్ శుభ్రం చేసే మనిషి గురించి కూడా ఒక మాట, ఇది ప్రాణాలతో ముడిపడినది. గాలి ఆడని మడ్డిలో బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన దానిదే. గాలికన్నా బరువు కాబట్టి గుంత అడుగున నిలుస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు నూరు భాగాల దగ్గరికి చేరేసరికి ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. వాసన తగ్గింది, దిగవచ్చు అనుకున్న మనిషి దిగి పడిపోతాడు, కాపాడబోయిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు. పెద్ద గుంతల్లోకి మనిషిని దించకూడదు. పైనుంచే పీల్చాలి, పైనుంచే కడగాలి. తప్పనిసరై దిగాల్సి వస్తే గాలి పరీక్ష, ఊపిరి పరికరం, నడుముకు తాడు, పైన కాపలా మనిషి లేకుండా దిగనివ్వకూడదు. నెలనెలా ఖాళీ చేసే తొట్టిలో ఈ విషవాయువు పుట్టేందుకు అవకాశం తక్కువ. ఏడాది వదిలేసిన తొట్టిలో ఆ ముప్పు చాలా ఎక్కువ.

మడ్డికి విలువ లేదని పైన అన్నాను కదా, దాన్ని కొంచెం సవరించాలి. కొనే మనిషికి విలువ లేదు గానీ, మురుగుశుద్ధి కేంద్రంలోని బయోగ్యాస్ తొట్టికి అది బలమైన ఆహారం. సిద్ధాంతం ప్రకారం కిలో కొవ్వు నుంచి ఒక ఘనమీటరు దాకా మీథేన్ రావచ్చు, కిలో పిండిపదార్థం నుంచి వచ్చేది అందులో సగం కూడా ఉండదు. అమెరికాలో ఓక్లండ్ నగరపు మురుగునీటిని శుద్ధి చేసే ఈస్ట్ బే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ ఇలాంటి జిడ్డును, ఇతర ఆహార వ్యర్థాలను ట్యాంకర్లలో తీసుకుని, 2012 నాటికి తన కేంద్రానికి కావలసినదానికన్నా ఎక్కువ విద్యుత్తు తయారుచేసే స్థాయికి చేరింది. ఒక్కసారిగా ఎక్కువ జిడ్డు పోస్తే కొవ్వు ఆమ్లాలు బాక్టీరియాను ఉక్కిరిబిక్కిరి చేస్తాయి కాబట్టి కొద్దికొద్దిగా కలపాలి. మడ్డిని దించడానికి ఇలా దగ్గరలో చోటు ఉండి, అది చవకగా ఉంటే, ట్యాంకర్లు చీకట్లో కాలువ పక్కన ఆగాల్సిన అవసరం చాలావరకు పోతుంది. జరిమానాలు పెంచడంకన్నా ముందు ఈ పని చేయాలంటాను. దించే చోటు చూపించకుండా ఎక్కడా పోయవద్దంటే, తీసుకెళ్లిన ట్యాంకర్ దాన్ని ఎక్కడ పోయాలి?

చిన్న వంటశాలలకు ఈ లెక్కలు భారం కదా అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా న్యాయమైనది కూడా. ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట పొరల మందం కొలిచి పుస్తకంలో రాసేదెవరు? వాళ్లకు నేను చెప్పేది రెండే అంకెలు: కొన్న నూనె కిలోలు, తూచి బయటికి ఇచ్చిన నూనె కిలోలు. ట్రాప్ కొలత ట్యాంకర్ వచ్చినప్పుడు, పీల్చకముందు, ట్యాంకర్ మనిషే తీసి రసీదు మీద రాయాలి. రాయని రసీదు చెల్లదనాలి. ఆ అంకె రాయాలంటే మూత తెరవక తప్పదు కదా.

ఫుడ్‌కోర్టుల్లో పది పన్నెండు వంటశాలలకు కలిపి ఒకే ట్రాప్ ఉంటుంది. అక్కడ పరిస్థితి ఇంకా అధ్వాన్నం, అందరి తొట్టి కాబట్టి ఎవరి తొట్టీ కాదు. ఖర్చును చదరపు అడుగుల చొప్పున పంచుతారు. నూనె ముట్టని పండ్లరసాల దుకాణమూ, పొద్దస్తమానం వేపుళ్లు వేసే దుకాణమూ ఒకే రేటు కడతాయి. దాన్ని కొన్న నూనె చొప్పున పంచమనండి, అందులోంచి వాడిన నూనెగా తూచి తిరిగి ఇచ్చినదాన్ని తీసేయమనండి. మొదటి నెలే గొడవ మొదలవుతుంది. "నేను అంత కొనలేదు" అని ఒకరు బిల్లులు తెస్తారు, "నేను ఇంత తిరిగి ఇచ్చాను" అని ఇంకొకరు తూకం చీటీలు తెస్తారు, "ఆయన డబ్బాలు ఒక్కరోజు కూడా బయట కనిపించలేదు, మరి ఆ నూనె ఏం చేస్తున్నారు?" అని మూడోవారు అడుగుతారు. ఆ ప్రశ్న తనిఖీకి వచ్చే అధికారి అడగకపోయినా ఫరవాలేదు. పక్క దుకాణం అడిగితే చాలు.